వార్షిక రుసుము లేని క్రెడిట్ కార్డును ఎంచుకునే పద్ధతి

నా మొదటి క్రెడిట్ కార్డుకు దరఖాస్తు నింపించుకున్న ఏజెంటు “దీనికి ఫీజంటూ ఏమీ లేదండీ” అన్నాడు. పన్నెండు నెలలపాటు ఆ మాట నిజమే అయింది. పదమూడో నెల స్టేట్‌మెంటులో, నేను కొన్న నాలుగైదు వస్తువుల పద్దుల కింద, వార్షిక సభ్యత్వ రుసుము అని ఒక పద్దు, దాని మీద పన్ను అని ఇంకొక పద్దు కనిపించాయి. పొరపాటున వేసి ఉంటారు, అడిగితే తీసేస్తారు అనుకుని, ఆ రెండు పద్దుల మొత్తాన్ని మినహాయించి మిగిలిన బిల్లంతా గడువుకు రెండు రోజుల ముందే కట్టేశాను. కనీస చెల్లింపు, అంటే ఆ నెల తప్పనిసరిగా కట్టాల్సిన చిన్న మొత్తం కంటే చాలా ఎక్కువే కట్టాను కనుక ఆలస్య రుసుము పడలేదు. అయితే బిల్లు పూర్తిగా తీరలేదన్న కారణంతో, ఆ నెల కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ వేశారు. తరువాతి నెల కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా పోయింది. దాచి ఉంచిన దరఖాస్తు నకలు తీసి చూస్తే, వెనక పేజీలో “మొదటి సంవత్సరానికి” అన్న రెండు మాటలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి.

అప్పటి నుంచి కార్డు గురించి ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. వార్షిక రుసుము ఏ షరతు మీద లేదో తెలుసుకోవాలి. దానికి బదులుగా బ్యాంకు ఎక్కడ రాబట్టుకుంటుందో చూడాలి. ఆ చోట చిక్కుకునే అలవాటు మనకు ఉందో లేదో నిజాయితీగా ఆలోచించుకోవాలి. ఈ మూడింటికీ జవాబు బ్యాంకు ఇచ్చే రుసుముల పట్టికలోనూ మన సొంత ఖర్చుల లెక్కలోనూ దొరుకుతుంది తప్ప ప్రకటనలో దొరకదు. కింది ఉదాహరణల్లోని అంకెలను ఏ దేశపు డబ్బుగా అనుకున్నా లెక్క మారదు.

ఉచితం అన్న మాటకు ఉన్న అర్థాలు

వార్షిక రుసుము లేదనే మాటను బ్యాంకులు కనీసం నాలుగు అర్థాల్లో వాడతాయి. వీటిలో మేలైనది జీవితకాలం ఉచితం, అంటే అందరూ లైఫ్‌టైమ్ ఫ్రీ అని పిలిచేది. ఇక్కడ జీవితకాలం అంటే ఆ కార్డు ఆ రకంగా మీ దగ్గర ఉన్నంతకాలం అని అర్థం. రెండు మూడేళ్ల తరువాత ఫోన్ చేసి “మీ కార్డును మెరుగైన రకానికి మారుస్తాం, లిమిట్ కూడా పెరుగుతుంది” అని అడుగుతుంటారు. సరేనంటే పాత కార్డుతో పాటు దాని ఉచిత హోదా కూడా పోయి, కొత్త రకానికి ఉన్న రుసుము మొదలయ్యే అవకాశం ఉంది. అందుచేత అలాంటి ఫోన్ వచ్చినప్పుడు, కొత్త కార్డుకు కూడా వార్షిక రుసుము ఉండదని ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి. అది చేతికి వచ్చాకే ఒప్పుకోండి.

రెండోది మొదటి ఏడాది మాత్రమే ఉచితం. దాని సంగతి పైన చెప్పాను. మూడోది, ఏడాదిలో ఇంత ఖర్చు చేస్తే రుసుము రద్దు అనే రకం. వినడానికి సులువుగా ఉంటుంది కానీ జాగ్రత్తగా చదవాల్సింది దీన్నే. ఏడాది అంటే క్యాలెండరు ప్రకారం జనవరి నుంచి డిసెంబరు దాకా అనుకుంటాం. చాలా కార్డులకు అది కార్డు జారీ అయిన నెల నుంచి మొదలవుతుంది. ఖర్చు అంటే కార్డు మీద పెట్టిన ప్రతి పైసా అనుకుంటాం. షరతుల్లో మాత్రం ఇంటి అద్దె, ఇంధనం, వాలెట్‌లో వేసుకున్న డబ్బు, ఈఎంఐగా మార్చుకున్న కొనుగోళ్లు, ఏటీఎంలో తీసిన నగదు లెక్కలోకి రావని తరచుగా ఉంటుంది. తిరిగి ఇచ్చేసిన వస్తువుల విలువ కూడా మొత్తంలోంచి తగ్గిపోతుంది. కొన్ని బ్యాంకులు ముందు రుసుము వేసి, లక్ష్యం చేరినట్టు తేలాక తరువాతి బిల్లులో వెనక్కి ఇస్తాయి. ఆ మధ్యలో మనం దాన్ని కట్టకుండా వదిలేస్తే నాకు జరిగిందే జరుగుతుంది. ఇంకొక ప్రమాదం మన మనసులోనే ఉంది. ఏడాది ముగియడానికి నెల ఉందనగా లక్ష్యానికి 15,000 తక్కువైందని తెలిసి, 500 రుసుము తప్పించుకోవడానికి అక్కర్లేని వస్తువులు కొన్నవాళ్లు నాకు తెలుసు. మీ మామూలు ఖర్చుతోనే, పై మినహాయింపులన్నీ తీసేసిన తరువాత కూడా, లక్ష్యం సులువుగా దాటేట్టు ఉంటేనే ఈ రకాన్ని ఉచితం కింద లెక్కపెట్టండి.

నాలుగో రకం, జీతం జమయ్యే ఖాతాకో ఒక స్థాయి నిల్వ ఉంచే ఖాతాకో ముడిపెట్టి ఉచితంగా ఇచ్చేది. ఉద్యోగం మారి జీతం వేరే బ్యాంకుకు వెళ్లిన నెల నుంచి ఆ ముడి తెగిపోతుంది. ఉద్యోగం మారే రోజుల్లో ఇలాంటి చిన్న విషయాలు గుర్తుండవు కనుక ఈ కార్డు ఉన్నవాళ్లు ఎక్కడైనా రాసి పెట్టుకోవడం మంచిది.

వీటితో పాటు కార్డు తీసుకున్నప్పుడు ఒకసారి కట్టే చేరిక రుసుము వేరు, వార్షిక రుసుము వేరు అని గుర్తుంచుకోవాలి. కుటుంబ సభ్యుల కోసం తీసుకునే అదనపు కార్డుకు కూడా విడిగా రుసుము ఉందేమో అడగాలి.

రుసుము లేకుండా బ్యాంకుకు ఎలా గిట్టుబాటవుతుంది

ఉచిత కార్డు వెనక మోసం ఉందని నేను అనడం లేదు. కార్డుతో చెల్లించిన ప్రతిసారీ దుకాణదారుడు తన బ్యాంకుకు కొంత శాతం చెల్లిస్తాడు. అందులో ఒక భాగం మనకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. దాన్ని ఇంటర్‌ఛేంజ్ రుసుము అంటారు. మనకు వచ్చే క్యాష్‌బ్యాక్ ప్రధానంగా ఇందులోంచి వచ్చేదే. ఐరోపా సమాఖ్య 2015లో తెచ్చిన నిబంధనతో మామూలు వినియోగదారుల క్రెడిట్ కార్డులపై ఈ రుసుమును 0.3 శాతానికి పరిమితం చేసింది. దుకాణం నుంచి 0.3 శాతమే అందుకునే బ్యాంకు మనకు ఏళ్ల తరబడి 2 శాతం ఇవ్వలేదన్నది మామూలు లెక్క. ఎక్కడైనా ఒక ఉచిత కార్డు మరీ ఉదారంగా 5 శాతమో 10 శాతమో ఇస్తానంటే, దాని పక్కనే ఒక గరిష్ఠ పరిమితి గానీ కొన్ని నెలల గడువు గానీ ఉందేమో వెతకండి.

రెండో ఆదాయం, బిల్లు పూర్తిగా కట్టనివాళ్ల నుంచి వచ్చే వడ్డీ. మూడోది ఆలస్య రుసుము, నగదు రుసుము, విదేశీ లావాదేవీ రుసుము వంటి చిల్లర రుసుములు. పోటీ పెరిగినకొద్దీ బ్యాంకులు వార్షిక రుసుమును వదులుకుని ఈ మూడింటి మీద ఆధారపడడం కొత్తేమీ కాదు. 1986లో అమెరికాలో సియర్స్ అనే దుకాణాల సంస్థ దేశమంతటా తెచ్చిన డిస్కవర్ కార్డుకు వార్షిక రుసుము లేదు, పైగా ఖర్చులో కొంత వెనక్కి ఇచ్చేది. 1990లో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ సంస్థ మొదట చేరినవారికి జీవితకాలం రుసుము లేదన్న హామీతో తన కార్డును విడుదల చేసింది. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేవారి వల్ల బ్యాంకుకు దుకాణం నుంచి వచ్చే ఆదాయం తప్ప ఇంకేమీ రాదు. ఉచిత కార్డు నిజంగా ఉచితమయ్యేది వాళ్లకే.

ముందు మీ మూడు నెలల ఖర్చు చూసుకోండి

కార్డుల పోలికలు చూడబోయే ముందు ఒక గంట కూర్చుని గత మూడు నెలల బ్యాంకు పద్దులు తీయండి. కార్డుతో కట్టడానికి వీలైన ఖర్చులను మాత్రమే విడదీసి, ఇంటి సరుకులు, బిల్లులు, ప్రయాణాలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, బయటి భోజనం, విదేశీ చెల్లింపులు అని వరుసలు వేసి, ఒక్కొక్క వరుసకు నెలసరి సగటు రాయండి. మూడు నెలల్లో పెళ్లో, పెద్ద వస్తువు కొనుగోలో వచ్చి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఈ కాగితం చేతిలో ఉంటే సగం ప్రకటనలు వాటంతటవే పక్కకు పోతాయి. విమాన ప్రయాణం ఏడాదికి ఒకసారి చేసేవారికి విమాన మైళ్ల కార్డు ఎందుకు? నెలకు రెండుసార్లు మాత్రమే ఆన్‌లైన్‌లో కొనేవారికి ఒకే వెబ్‌సైటుతో జతకట్టిన కో-బ్రాండెడ్ కార్డు వల్ల ఏం ఒరుగుతుంది? ఖర్చు అన్ని వరుసల్లోనూ పలుచగా పరచుకుని ఉంటే, అన్నింటి మీదా ఒకే రేటున క్యాష్‌బ్యాక్ ఇచ్చే సాదా కార్డు మేలు. ఒకే వరుసలో సగానికి పైగా పడుతుంటే ఆ వరుసకు ఎక్కువ ఇచ్చే కార్డును వెతకవచ్చు.

గత మూడు నెలల్లో ఏ బాకీనైనా కట్టలేక తరువాతి నెలకు తోశారా అన్నది కూడా అదే కాగితం మీద రాసుకోండి. తోసి ఉంటే మీరు ఖర్చుకు ప్రతిఫలంగా బ్యాంకు ఇచ్చే రివార్డు పాయింట్ల వైపు చూడనే కూడదు; మీకు కావలసింది వడ్డీ రేటు తక్కువగా ఉన్న కార్డు. అంతకంటే ముందు ఆ పాత బాకీ తీరడం అవసరం.

రుసుముల పట్టికను చదవడం

ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైటులో రుసుములు, ముఖ్యమైన షరతులు ఉన్న ఒక పత్రం ఉంచుతుంది. అది ప్రకటన పేజీలో పైన కనిపించదు. చాలాసార్లు అట్టడుగున చిన్న లింకుగా ఉంటుంది. దాన్ని దింపుకుని, ఈ వరుసలో చదవండి.

మొదట వడ్డీ. నెలకు 3 శాతం అని రాసి ఉంటే చిన్నదిగా కనిపిస్తుంది. నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడుతూ పోతే ఏడాదికి అది దాదాపు 42.6 శాతం అవుతుంది, 3.5 శాతమైతే 51 శాతం దాటుతుంది. కనీస చెల్లింపు కడితే సరిపోతుందని నమ్మేవారి కోసం లెక్క వేసి చూపిస్తాను. 50,000 బాకీ ఉంది, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు మొత్తంలో 5 శాతం అనుకుందాం. నెల తిరిగేసరికి 1,500 వడ్డీ కలిసి బాకీ 51,500 అవుతుంది. అందులో 5 శాతం, అంటే 2,575 కడతారు. మిగిలేది 48,925. జేబులోంచి 2,575 పోయింది, తరిగిన అప్పు 1,075. ఆ తరువాత కార్డు మీద కొత్తగా ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా ఇలాగే కనీస చెల్లింపులు కడుతూ పోతే, అప్పు సగానికి రావడానికే 32 నెలలు పడుతుంది. ఇలాంటి చోట వార్షిక రుసుము 500 ఉన్నా లేకపోయినా తేడా ఏముంది?

తరువాత వడ్డీ లేని గడువు. ప్రకటనలో “50 రోజుల వరకు” అని ఉంటుంది. ఇందులో “వరకు” అన్న మాటే కీలకం. బిల్లు ప్రతి నెలా 10న తయారై, కట్టవలసిన గడువు 30వ తేదీ అనుకోండి. జూన్ 11న కొన్న వస్తువు జులై 10 బిల్లులోకి వెళ్తుంది, జులై 30లోగా కట్టవచ్చు కనుక 49 రోజుల వ్యవధి దొరుకుతుంది. అదే వస్తువును రెండు రోజుల ముందు, జూన్ 9న కొని ఉంటే జూన్ 30కే కట్టాలి, అంటే 21 రోజులే. మీ జీతం పడే తేదీకి, ఈ గడువు తేదీకి మధ్య కనీసం నాలుగైదు రోజులు ఉండేట్టు బిల్లు తేదీ మార్చుకోవడానికి బ్యాంకు ఒప్పుకుంటుందేమో అడగండి. పాత బాకీ ఏ కొంచెం మిగిలి ఉన్నా ఈ గడువు వర్తించదని, కొత్త కొనుగోళ్లకు కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుందని పత్రంలో రాసి ఉందేమో చూడండి. చాలావరకు రాసే ఉంటుంది.

నగదు గురించి తేల్చి చెబుతున్నాను: క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి. దానికి వడ్డీ లేని గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా విడిగా నగదు రుసుము ఉంటుంది. ఆ రుసుము “తీసినదాంట్లో 2.5 శాతం లేదా కనీసం 500” అన్న తరహాలో ఉంటే, 2,000 తీసినప్పుడు పడేది 50 కాదు, 500. తీసినదాంట్లో నాలుగో వంతు అక్కడే పోయింది.

విదేశీ లావాదేవీల మీద వేసే అదనపు శాతం ఉచిత కార్డుల్లో చాలాసార్లు 3 శాతం ప్రాంతంలో ఉంటుంది. ప్రయాణాలు చేయనివారికి ఇది అనవసరం అనిపించవచ్చు. కానీ ఇంట్లో కూర్చుని వేరే దేశంలో నమోదైన వెబ్‌సైటుకు సొంత కరెన్సీలోనే చెల్లించినా కొన్ని బ్యాంకులు దీన్ని వేస్తాయి. విదేశంలో దుకాణంలో కార్డు ఇచ్చినప్పుడు యంత్రం మీద “మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా?” అని అడిగితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి. సొంత కరెన్సీ ఎంచుకుంటే మారకపు రేటును నిర్ణయించేది అవతలి వైపు వాళ్లు. అది సాధారణంగా మనకు నష్టంగానే ఉంటుంది.

మిగిలినవి త్వరగా చూసుకోవచ్చు: ఆలస్య రుసుము శ్లాబులు, లిమిట్ దాటితే పడే రుసుము, కాగితం స్టేట్‌మెంటు రుసుము, పోయిన కార్డుకు బదులు ఇచ్చేందుకు తీసుకునేది, కార్డు వాడకుండా ఉంచితే పడేది, వడ్డీ లేని ఈఎంఐ అని చెప్పి ప్రాసెసింగ్ పేరుతో తీసుకునేది. వాడకపోతే రుసుము వేసే కార్డును నేనైతే ఉచిత కార్డుగా పరిగణించను.

పాయింట్లను డబ్బుగా మార్చి చూడటం

రివార్డు పాయింట్ల సంఖ్య చూసి మురిసిపోకూడదు. ఒక కార్డు ప్రతి 100కి 4 పాయింట్లు ఇస్తుంది, ఒక్కో పాయింటు విలువ 0.20; ఇంకొక కార్డు ప్రతి 100కి 1 పాయింటే ఇస్తుంది, దాని విలువ 1. మొదటిదాంతో వెనక్కి వచ్చేది 0.8 శాతం, రెండోదాంతో 1 శాతం. పెద్ద సంఖ్య ఇచ్చిన కార్డే తక్కువ ఇస్తోంది. కాబట్టి ఏ కార్డునైనా చూసేటప్పుడు “100 ఖర్చు పెడితే చివరికి నాకు ఎంత వెనక్కి వస్తుంది?” అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టండి. పాయింట్లను బిల్లులో తగ్గించుకుంటే ఒక విలువ, బహుమతి వోచర్లుగా తీసుకుంటే ఒక విలువ, జాబితాలోని వస్తువులుగా తీసుకుంటే ఇంకొక విలువ ఉంటాయి. మీరు నిజంగా ఏ రూపంలో తీసుకుంటారో ఆ విలువనే లెక్కలోకి తీసుకోండి.

పాయింట్లు లెక్కించే తీరులో కూడా తరుగు ఉంటుంది. ప్రతి 150కి 2 పాయింట్లు అన్న కార్డుతో 140 ఖర్చు చేస్తే ఏమీ రావు. 290 ఖర్చు చేసినా వచ్చేవి 2 పాయింట్లే. చిన్న చిన్న మొత్తాలు ఎక్కువగా చెల్లించేవారికి ఇక్కడే చాలా జారిపోతుంది. అలాంటివారికి మొత్తం మీద శాతం లెక్కన క్యాష్‌బ్యాక్ ఇచ్చేదే మంచిది. పాయింట్లకు గడువు ఎంత, కనీసం ఎన్ని పోగైతే వాడుకోనిస్తారు, వాడుకున్నప్పుడు రుసుము తీసుకుంటారా అన్నవి కూడా ఈ సందర్భంలోనే చూడాలి.

“సరుకుల మీద 5 శాతం” అన్న హామీకి రెండు హద్దులు ఉంటాయి. మొదటిది నెలసరి పరిమితి: నెలకు గరిష్ఠంగా 200 అని ఉంటే, 4,000 కొనుగోలు దాటాక ఆ 5 శాతం ఆగిపోయినట్టే. నెలకు 10,000 సరుకులు కొనేవారికి, మిగతా 6,000 మీద ఏమీ రాకపోతే, వచ్చేది నికరంగా 2 శాతమే. రెండో హద్దు అంతగా తెలియనిది. కార్డు యంత్రం ఉన్న ప్రతి వ్యాపారికీ అతని వ్యాపార రకాన్ని సూచించే నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది, బ్యాంకు చూసేది దాన్నే; మనం ఏం కొన్నామో బ్యాంకుకు తెలియదు. సరుకులు అమ్మే పెద్ద దుకాణం డిపార్ట్‌మెంట్ స్టోరు కోడ్ కింద నమోదై ఉంటే, బియ్యం కొన్నా పప్పు కొన్నా ఆ 5 శాతం రాదు. మీరు ఎక్కువగా వెళ్లే దుకాణంలో మొదటి నెల ఒక చిన్న కొనుగోలు చేసి, స్టేట్‌మెంటులో ఎన్ని పాయింట్లు పడ్డాయో చూసుకుంటే ఈ సంగతి తేలిపోతుంది.

రుసుము ఉన్న కార్డే మేలయ్యే సందర్భం

రుసుము లేని కార్డు అందరికీ మేలని చెప్పడం సరికాదు. ఉచిత కార్డు 1 శాతం, రుసుము ఉన్న కార్డు 2 శాతం వెనక్కి ఇస్తాయనుకుందాం. ఆ రెండోదాని రుసుము పన్నుతో కలిపి 1,200. రెండింటి మధ్య తేడా 1 శాతం కనుక, ఏడాదికి 1,20,000, అంటే నెలకు 10,000 ఖర్చు దాటితేనే రుసుము కార్డు గిట్టుబాటు అవుతుంది. నెలకు 7,000 ఖర్చు చేసేవారికి ఏడాదికి అదనంగా వచ్చేది 840, కట్టేది 1,200. నెలకు 20,000 ఖర్చు చేసేవారికి మాత్రం అదే కార్డు రుసుము పోను మరో 1,200 మిగులుస్తుంది. విమానాశ్రయ లాంజ్ ప్రవేశం, సినిమా టికెట్లు వంటివాటికి విలువ కట్టేటప్పుడు, కార్డు లేకపోతే ఆ పనికి మీరు సొంత డబ్బు పెట్టేవారా అని ఆలోచించండి. పెట్టేవారు కాకపోతే దాని విలువ సున్నాగా రాయండి. నా అభిప్రాయంలో, నెలసరి కార్డు ఖర్చు ఒక మోస్తరుగా ఉండేవారికి అన్నింటి మీదా ఒకే రేటున క్యాష్‌బ్యాక్ ఇచ్చే జీవితకాల ఉచిత కార్డు ఒక్కటి చాలు.

దరఖాస్తు, క్రెడిట్ స్కోరు

ఉచిత కార్డుకు ఒక పెద్ద ప్రయోజనం ఉంది, దాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. ఏటా ఖర్చు లేదు కనుక దాన్ని పదేళ్లయినా ఉంచుకోవచ్చు, దాంతో మీ రుణ చరిత్ర పాతబడుతూ వస్తుంది. క్రెడిట్ స్కోరు అంటే మనం అప్పు సరిగా తీరుస్తామా అన్నదాన్ని రుణ చరిత్రను బట్టి చూపే అంకె. అమెరికాలో విస్తృతంగా వాడే అలాంటి ఫైకో స్కోరులో చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బాకీల మొత్తానికి 30 శాతం, రుణ చరిత్ర ఎంత పాతదన్నదానికి 15 శాతం, కొత్త రుణాలకు 10 శాతం, రుణాల రకాలకు 10 శాతం ప్రాధాన్యం ఉంటుంది. వేరే దేశాల్లోని సంస్థల కొలమానాల్లో అంకెలు మారినా, సకాలంలో కట్టడం, లిమిట్‌లో కొంతే వాడుకోవడం అన్నవి అన్నిచోట్లా పెద్ద అంశాలే. లక్ష లిమిట్ ఉంటే 30,000 లోపు వాడుకోవడం మంచిదన్న సూచన దీని నుంచే వచ్చింది. ఒక నెల ఎక్కువ వాడవలసి వస్తే, బిల్లు తయారయ్యే తేదీకి ముందే కొంత కట్టేయండి. ఈ స్కోరును లెక్కగట్టే క్రెడిట్ సంస్థలకు సాధారణంగా చేరేది బిల్లులో కనిపించే బాకీయే.

ఒకేసారి నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు పెట్టవద్దు. ప్రతి దరఖాస్తుతోనూ బ్యాంకు ఆ సంస్థల నుంచి మీ క్రెడిట్ నివేదికను అడుగుతుంది, ఆ విచారణలన్నీ నమోదై స్కోరు మీద ప్రభావం చూపుతాయి. స్కోరును తగ్గించకుండా అర్హత మాత్రమే చూసి చెప్పే సదుపాయం బ్యాంకు వెబ్‌సైటులో ఉంటే ముందు దాన్ని వాడుకోండి. ఇప్పటికే ఖాతా ఉన్న బ్యాంకు ముందుగానే ఆమోదించిన కార్డు ఇస్తానంటే, అది లైఫ్‌టైమ్ ఫ్రీగా ఇస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. అడిగినవారికి ఇచ్చి అడగనివారికి ఇవ్వని సందర్భాలు ఉన్నాయి. రుణ చరిత్రే లేని విద్యార్థులు, గృహిణులు, ఇప్పుడే పనిలో చేరినవారు ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీ మీద ఇచ్చే కార్డుతో మొదలుపెట్టవచ్చు. లిమిట్ డిపాజిట్‌కు దగ్గరగా ఉంటుంది, డిపాజిట్ మీద వడ్డీ వస్తూనే ఉంటుందో లేదో మాత్రం కనుక్కోవాలి.

దరఖాస్తు పత్రంలో ముందే టిక్ పెట్టి ఉన్న గడులను ఒక్కొక్కటిగా చూడండి. రుణ రక్షణ బీమా, కార్డు రక్షణ పథకం వంటివి నెలనెలా బిల్లు మీద చిన్న మొత్తంగా పడతాయి. వార్షిక రుసుము లేదని తీసుకున్న కార్డు మీద ఏడాదికి దాన్ని మించిన బీమా రుసుము కట్టినవారిని చూశాను, అది కూడా తాము ఒప్పుకున్నామని తెలియకుండానే.

కార్డు చేతికి వచ్చాక

కవరులో వచ్చిన ఉత్తరంలో రుసుము గురించి ఏం రాశారో చదివి, దాని ఫొటో తీసి దాచుకోండి. ఏజెంటు మాటకూ ఉత్తరానికీ తేడా ఉంటే కార్డును వాడకముందే ఈమెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. ఒకసారి వాడాక షరతులకు ఒప్పుకున్నట్టే లెక్క. యాప్‌లో విదేశీ లావాదేవీలను, నగదు తీసుకునే సదుపాయాన్ని ఆపేసి, అవసరమైనప్పుడే తెరవండి. బిల్లు దానంతటదే కట్టేలా ఏర్పాటు చేసేటప్పుడు రెండు ఎంపికలు కనిపిస్తాయి: మొత్తం బాకీ, కనీస చెల్లింపు. మొత్తం బాకీనే ఎంచుకుని, మళ్లీ ఒకసారి తెరిచి అదే నమోదైందో లేదో చూడండి.

పన్నెండో నెలకు ఫోన్‌లో ఒక రిమైండరు పెట్టుకోండి. పదమూడో నెల బిల్లులో రుసుము కనిపిస్తే, నాలాగా దాన్ని వదిలేసి మిగతాది కట్టకండి. బిల్లు మొత్తం కట్టేసి, అదే రోజు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, దాచిన ఉత్తరం జతచేయండి. తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోకపోతే కార్డు మూసేస్తానని చెబితే కొన్ని బ్యాంకులు రుసుమును వెనక్కి ఇస్తాయి. నిజంగానే మూసివేయాలనుకుంటే మిగిలిన పాయింట్లను ముందు వాడుకోండి, కార్డుకు ముడిపెట్టిన నెలవారీ చందాలను వేరే చోటికి మార్చండి, బాకీ సున్నా చేయండి. అంతకుముందు నెలల్లో బాకీ తోసి ఉంటే, చివరి బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పడిన కొద్దిపాటి వడ్డీ తరువాతి నెలలో కనిపిస్తుంది. దాన్ని కూడా తీర్చాకే ఖాతా మూసినట్టు రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోండి. రెండు నెలలు ఆగి మీ క్రెడిట్ నివేదిక తెప్పించుకుని, ఆ ఖాతా మూసివేసినట్టు, బాకీ సున్నా అని నమోదైందో లేదో చూడండి.